కరువు సీమలో ఆట: అనంతపురం పీఠభూమి, ఐర్లండ్ గ్రామాలు

1. పరిచయం

కరువు చరిత్రను మనం కొన్ని పత్రాల ఆధారంగా రాస్తాం. వర్షపాతం పట్టికలు, శిస్తు మాఫీ ఉత్తర్వులు, ధాన్యం ధరలు, గంజి కేంద్రాల లెక్కలు, జనగణనలు. వీటిలో తిండి ఉంటుంది, పని ఉంటుంది, చావు ఉంటుంది. సాయంకాలం ఉండదు. పని దొరకని కుర్రవాళ్ళు ఆ పూట ఏం చేశారు, ఆ యేడు తిరునాళ్ళలో పందెం జరిగిందా, ఊరి జట్టులో ఎందరు మిగిలారు అన్నది ఏ కలెక్టరూ తన నివేదికలో రాయలేదు. అయినా అవి కూడా చరిత్రే. ఒక సమాజం దేన్ని చివరిదాకా వదులుకోలేదో తెలుసుకోవడానికి ఆటలు మంచి ఆధారం.

ఈ పాఠంలో అనంతపురం జిల్లా పీఠభూమిని, అందులోనూ వజ్రకరూరు పరిసరాలను తీసుకుని, గడ్డుకాలంలో ఆటలకు ఏమైందో పరిశీలిద్దాం. పోలిక కోసం ఐర్లండ్‌లోని హర్లింగ్ ఆటను చూద్దాం. ఎక్కడి ఐర్లండ్, ఎక్కడి వజ్రకరూరు అని మీకు అనిపించవచ్చు. రెండూ వ్యవసాయ సమాజాలు, రెండూ క్షామాన్ని చూసినవి, రెండూ యువకులను బయటికి పంపుతూ బతికినవి. తేడా ఆట స్వభావంలో ఉంది. ఆ తేడా వల్లనే ఈ పోలిక మనకు పనికొస్తుంది.

ముందుగా ఒక మాట విషయంలో జాగ్రత్త పడాలి. తెలుగులో 'కరువు' అనే పదాన్ని మనం మూడు అర్థాల్లో వాడతాం. వాన లేకపోవడం కరువే, తిండి లేకపోవడం కరువే, చేతిలో డబ్బు ఆడకపోవడమూ కరువే. ఈ మూడింటినీ కలిపేస్తే చరిత్ర అర్థం కాదు. తిండి కరువు వచ్చినప్పుడు ఆట ఆగిపోతుంది, అందులో చర్చించడానికి పెద్దగా ఏమీ లేదు. వాన కరువు, డబ్బు కరువు వచ్చినప్పుడు మాత్రం ఆట ఆగదు, మారుతుంది. ఎవరు ఆడతారు, ఏమి ఆడతారు, ఎక్కడ ఆడతారు అన్నవి మారతాయి. ఆ మార్పును నిర్ణయించేవి రెండు: ఆ ఆటకు ఏ ఆస్తి కావాలి, ఊళ్ళో ఎవరు మిగిలారు.

2. హర్లింగ్: ఒక కర్ర, ఒక ఊరు

హర్లింగ్ చూడటానికి హాకీలా ఉంటుంది. జట్టుకు 15 మంది. చేతిలో యాష్ అనే చెట్టు కలపతో చేసిన, చివర వెడల్పుగా ఉండే కర్ర. దాన్ని హర్లీ అంటారు. తోలు కుట్టిన చిన్న బంతి. హాకీలో బంతి నేల మీదే ఎక్కువగా నడుస్తుంది, హర్లింగ్‌లో బంతిని కర్రతో పైకి లేపి గాలిలోనే బలంగా కొడతారు. చాలా పాత ఆట. 18వ శతాబ్దంలో భూస్వాములు తమ జట్లను పోషించి, వాటి మీద పందేలు కాసేవారు. ఆ శతాబ్దం చివరికి ఆ పోషణ తగ్గింది. ఆ తర్వాత 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి మహాక్షామం వచ్చింది. నాలుగైదేళ్ళలో సుమారు 10 లక్షల మంది చనిపోయారు, దాదాపు అంతే మంది ఓడలెక్కి వెళ్ళిపోయారు. చాలా ప్రాంతాల్లో ఆట కూడా వారితో పాటే పోయింది.

ఆ ఆట తిరిగి లేచిన సమయాన్ని గమనించండి. 1870ల చివర ఐర్లండ్‌లో మళ్ళీ పంటలు దెబ్బతిన్నాయి, ధరలు పడిపోయాయి. 1879లో వానలు ఎక్కువై పంట కుళ్ళింది. అదే ఏడు మైకేల్ డేవిట్ తదితరులు కౌలు రైతుల కోసం లాండ్ లీగ్‌ను స్థాపించారు. సరిగ్గా ఆ వ్యవసాయ సంక్షోభ దశకంలోనే, 1884 నవంబరు 1న, టిప్పరరీ కౌంటీలోని థర్ల్స్ పట్టణంలో ఒక హోటల్లో కొద్దిమంది సమావేశమై గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌ను ప్రారంభించారు. ముందు నిలిచినవాడు మైకేల్ క్యూసాక్ అనే ఉపాధ్యాయుడు. డబ్బున్న కాలంలో తీరికగా పుట్టిన సంఘం కాదిది.

దీని నిర్మాణంలో రెండు అంశాలు ముఖ్యం. ఒకటి, క్లబ్బు ఊరి చర్చి పరిధిని బట్టి ఏర్పడుతుంది. పుట్టిన ఊరే నీ జట్టు. రెండు, ఆటగాడికి జీతం లేదు. నేటికీ దేశస్థాయి ఫైనల్ ఆడిన యువకుడు మర్నాడు తన బడికో, పొలానికో, ఆఫీసుకో పోవలసిందే. కాబట్టి ఆట ఆడటానికి కావలసింది ఒక కర్ర, ఒక మైదానం, 15 మంది మనుషులు. డబ్బు కరువు వస్తే కర్రకు ఇబ్బంది లేదు. ఇబ్బంది మనుషులతోనే.

1950లలో ఇది స్పష్టంగా కనిపించింది. ఆ దశాబ్దంలో ఐర్లండ్ నుంచి నికరంగా సుమారు 4 లక్షల మంది వలస పోయారు. 1961 నాటికి ఆ దేశ జనాభా దాదాపు 28 లక్షలకు పడిపోయింది. కానీ అదే దశాబ్దంలో, 1954లో, డబ్లిన్‌లోని క్రోక్ పార్కులో కార్క్, వెక్స్‌ఫర్డ్ జట్ల మధ్య జరిగిన హర్లింగ్ ఫైనల్‌కు 84,856 మంది ప్రేక్షకులు వచ్చారు. ఊళ్ళు ఖాళీ అవుతున్నాయి, స్టేడియం నిండుతోంది. ఈ వైరుధ్యాన్ని చూసి ఆ కాలంలో అంతా బాగుందని భావిస్తే పొరపాటు. మారుమూల ఊళ్ళలో జట్టు కూర్చడమే కష్టమైంది. వెళ్ళినవాళ్ళు లండన్‌లో, న్యూయార్క్‌లో క్లబ్బులు పెట్టుకున్నారు. 1947లో, మహాక్షామానికి నూరేళ్ళు నిండిన సందర్భంగా, గేలిక్ ఫుట్‌బాల్ ఫైనల్‌ను ఏకంగా న్యూయార్క్ తీసుకుపోయి ఆడారు. 2008 తర్వాత బ్యాంకులు కూలి, 2012 నాటికి నిరుద్యోగం 15 శాతం దాకా పోయినప్పుడు కూడా ఇదే కథ. చిన్న క్లబ్బులు పక్క ఊరి క్లబ్బుతో కలిసి ఒక జట్టుగా ఆడవలసి వచ్చింది. ఐర్లండ్‌లో గడ్డుకాలాన్ని కొలవాలంటే ఊరి జట్టు పేర్ల పట్టిక చాలు.

3. వజ్రకరూరు నేల

ఇప్పుడు మన నేలకు వద్దాం. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల్లో కురిసి ఇక్కడికి వచ్చేసరికి బలహీనపడతాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరాన్ని తడిపి ఇక్కడికి చేరేసరికి మళ్ళీ అంతే. అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ సగటు కూడా మనల్ని మోసం చేస్తుంది. నెల రోజులు చినుకు లేకుండా పోయి ఒకే రాత్రి కుండపోతగా కురిసినా లెక్క సరిపోతుంది, పంట మాత్రం పోతుంది.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. అనంతపురం 1882లో బళ్ళారి నుంచి విడిపోయి వేరే జిల్లా అయింది. అప్పటికి ధాత కరువు ముగిసి నాలుగేళ్ళే. 1876-78 నాటి ఆ క్షామంలో బళ్ళారి జిల్లా జనాభా సుమారు ఐదో వంతు తగ్గిందని 1871, 1881 జనగణనలను పోల్చితే తెలుస్తుంది. ఐర్లండ్‌లో వాన ఎక్కువై, ఇక్కడ వాన లేక, దాదాపు ఒకే కాలంలో రైతులు కూలిపోయారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల్లోని మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని నిర్ణయించాడు. పౌను అంటే 450 గ్రాములు. రోజంతా రాళ్ళు కొట్టేవాడికి అది. నేను ముందు చెప్పిన తిండి కరువు ఇదే. ఇక్కడ ఆట గురించి వెతకడం వృథా. 1950ల తొలి సంవత్సరాల్లో రాయలసీమలో గంజి కేంద్రాలు తెరిచిన కాలాన్ని కూడా ఈ కోవలోనే చూడాలి.

తర్వాతి దశాబ్దాల్లో జనం ఆకలితో చనిపోయే స్థితి పోయింది, అప్పులతో నలిగే స్థితి వచ్చింది. ఎర్రనేలల్లో కొర్ర, సజ్జ, జొన్నల స్థానాన్ని వేరుశనగ ఆక్రమించింది. దేశంలోనే అత్యధిక విస్తీర్ణంలో వేరుశనగ వేసే జిల్లాగా అనంతపురం పేరు పొందింది. విత్తనానికి అప్పు, ఎరువుకు అప్పు, ఊడలు దిగే వేళ వాన లేకపోతే కాయ లేదు. కొర్ర పోయినా తిండి గింజలు పోయేవి, అప్పు పెద్దగా మిగిలేది కాదు. వేరుశనగ పోతే అప్పు మిగులుతుంది. 1990ల చివరి నుంచి ఈ జిల్లా పేరు రైతుల ఆత్మహత్యలతో ముడిపడటానికి ఇది ఒక ప్రధాన కారణం.

వజ్రకరూరు పేరులోనే వజ్రం ఉంది. ఇక్కడి కింబర్లైట్ శిలలు భూగర్భ శాస్త్రవేత్తలకు బాగా తెలిసినవి. తొలకరి పడగానే పొలాల్లో పైమట్టి కొట్టుకుపోయి గులకరాళ్ళు బయటపడతాయి. చుట్టుపక్కల మండలాల నుంచే కాక కర్నూలు, బళ్ళారి వైపుల నుంచి కూడా జనం సద్ది మూట కట్టుకుని వచ్చి, తలవంచి మెరిసే రాయి కోసం వెతుకుతారు. ఇది పనా, ఆటా, జూదమా? మూడూ కలిసిందని నా అభిప్రాయం. విత్తనం వేసి వాన కోసం ఎదురుచూసే రైతు చేసేదీ అదే కదా. వేరుశనగ రైతును 'వానతో జూదమాడేవాడు' అని పట్టణాల్లో కొందరు తేలిగ్గా అంటుంటారు. ఆ జూదంలో పందెం ఏమిటో వారికి తెలియదు.

4. పరుషలో పందెం

తిరునాళ్ళను ఈ సీమలో పరుష అంటారు. పంట ఇంటికి చేరిన తర్వాత, సంక్రాంతి నుంచి ఉగాది దాటి ఎండాకాలం వరకు పరుషలు, ఉరుసులు, దేవర్లు వరుసగా జరుగుతాయి. వీటిలో పోటీలు తప్పనిసరి. ముఖ్యమైనవి మూడు.

మొదటిది బండలాగుడు. కాడికి కట్టిన ఎద్దుల జత పెద్ద రాతి బండను నిర్ణీత సమయంలో ఎన్ని అడుగుల దూరం లాగిందో కొలుస్తారు. ఎద్దుల వయసును పళ్ళను బట్టి నిర్ణయించి రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అంటూ విభాగాలు చేస్తారు. రెండవది రాతిగుండు ఎత్తడం. మూడవది బండి ఇరుసు ఎత్తడం. చివరి రెండూ మనిషి బలానికి పరీక్ష. చెక్కభజన, కోలాటం, చెడుగుడు వీటి చుట్టూ ఉంటాయి.

బండలాగుడు గురించి కొంచెం ఆగి ఆలోచించాలి. దీనికి ఏ ఆస్తి కావాలి? పందెపు ఎద్దుల జత. ఆ జతను మామూలు సేద్యపు ఎద్దుల్లా ఎండుగడ్డితో పోషించలేరు. ఉలవలు, పత్తిగింజలు, మంచి మేత, ఒక మనిషి పూర్తికాలం సేవ కావాలి. అంటే భూమి ఉన్న ఇల్లే ఈ పోటీలో దిగగలదు. బహుమతి ఇచ్చేవాడు కూడా ఉన్నవాడే. మైకులో ఎద్దుల యజమాని పేరు, దాత పేరు మారుమోగుతాయి. ఎద్దులను తోలే మనిషి పేరు అంతగా వినబడదు. 18వ శతాబ్దపు ఐర్లండ్‌లో జట్లను పోషించిన భూస్వామిని ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. ఆటలో గెలుపు ఊరిదిగా కనిపించినా, పెట్టుబడి ఒక ఇంటిది. రాయలసీమలో ఊరిని రెండుగా చీల్చిన కక్షలు ఉన్నచోట ఆ గెలుపు కూడా ఊరందరిదీ కాకపోవచ్చు.

వరుసగా రెండు మూడేళ్ళు వాన లేకపోతే ఇలాంటి ఆట మీదే ముందు దెబ్బ పడుతుంది. మేత లేదు. కరువు ఏళ్ళలో ప్రభుత్వం పశువుల కోసం గడ్డి కేంద్రాలు తెరవవలసి వచ్చిందంటే సేద్యపు ఎద్దులకే దిక్కులేదని అర్థం. రైతు మొదట అమ్మేది ఎద్దులనే. కబేళాకు పోతాయని తెలిసీ సంతలో వదిలి వచ్చిన రైతు ఇంటికి వచ్చి అన్నం తినలేకపోయాడని ఈ జిల్లాలో ఏ ఊరికి వెళ్ళినా చెబుతారు. తర్వాత వాన పడినా ఎద్దులు తిరిగి రావు, బాడుగ ట్రాక్టరు వస్తుంది. బండలాగుడు పోటీలు నేటికీ జరుగుతున్నాయి, ఆర్భాటంగానే జరుగుతున్నాయి. అయితే అందులోకి వచ్చే జతలు ఎక్కువగా పందేల కోసమే పెంచినవి, దూరం నుంచి లారీల్లో వచ్చేవి. ఊరి పొలం దున్నిన ఎద్దు ఊరి పరుషలో బండ లాగడం అరుదైపోయింది. బయటి నుంచి చూసేవారికి ఆట బతికే ఉంది. ఊరి రైతు మాత్రం అందులో పోటీదారు నుంచి ప్రేక్షకుడయ్యాడు.

గుండు, ఇరుసుల విషయం వేరు. రాయికి మేత అక్కరలేదు. కూలి ఇంటి కుర్రవాడు కూడా దాన్ని ఎత్తగలడు, ఎత్తాడు కూడా. అందుకే ఊరి వీరుల జ్ఞాపకాల్లో భూమిలేని ఇళ్ళ మనుషుల పేర్లు కనబడేది ఈ పోటీల దగ్గరే.

అభ్యాసం: మీ ఊళ్ళో 60 ఏళ్ళు దాటిన ముగ్గురిని, వీలైతే వేరువేరు కులాల వారిని, కలవండి. పరుషలో ఏ పోటీలు జరిగేవి, ఏ ఏడు జరగలేదు, ఎందుకు జరగలేదు అని అడగండి. సంవత్సరం గుర్తులేకపోతే పెళ్ళి, కాన్పు, ఎన్నికలు, ఇంటి కట్టుబడి వంటి సంఘటనలతో ముడిపెట్టి అడగండి. ముగ్గురి సమాధానాలూ ఒకటి కాకపోతే కంగారు పడవద్దు. ఆ తేడా ఎక్కడ వచ్చిందో రాసుకోండి.

5. ఎండిన చెరువు

ఖర్చు లేని ఆటలు కరువుకు జంకలేదు. బిళ్ళంగోడుకు ఒక తుమ్మ కర్ర, ఒక చిన్న బిళ్ళ చాలు. హర్లింగ్‌కు మన దగ్గర అతి దగ్గరి చుట్టం ఇదే అనవచ్చు. నేల మీది చెక్కను కర్రతో లేపి గాలిలోనే కొట్టడం రెండింటిలోనూ ఉంది. కానీ ఒకదానికి సంఘం, నియమావళి, స్టేడియం వచ్చాయి. రెండోది పిల్లల ఆటగానే ఉండిపోయింది. చెడుగుడుకు గీత గీస్తే చాలు, మిగిలింది ఊపిరి.

ఆశ్చర్యకరమైన విషయం ఏమిటంటే కరువు కొన్ని ఆటలకు చోటు కల్పించింది. ఈ సీమ చెరువుల సీమ. విజయనగర కాలం నుంచి తవ్విన చెరువులు ఊరూరా ఉన్నాయి. చెరువు నిండితే పిల్లలకు ఈత, ఊరికి వరి. చెరువు ఎండితే ఊరికి ఉన్న ఏకైక చదునైన బయలు అదే. 1983లో భారత జట్టు ప్రపంచ కప్పు గెలిచిన తర్వాత, ఊళ్ళకు టీవీలు వచ్చిన తర్వాత, ఎండిన చెరువులు క్రికెట్ మైదానాలయ్యాయి. ఐర్లండ్‌లో గేలిక్ సంఘం 1971 వరకు తన సభ్యులు క్రికెట్, రగ్బీ వంటి పరాయి ఆటలు ఆడకూడదని నిషేధం పెట్టుకుంది. మన దగ్గర అలా అడ్డుకున్నవారు లేరు. టెన్నిస్ బంతి, చెక్కిన బ్యాటు వచ్చాక బిళ్ళంగోడు రెండు తరాల్లో దాదాపు కనుమరుగైంది. దీనికి క్రికెట్‌ను తిట్టి లాభం లేదు. జట్టుగా ఆడి, పక్క ఊరితో పోటీ పడి, గెలిచి కప్పు తెచ్చుకునే అవకాశం బిళ్ళంగోడుకు ఎవరూ కల్పించలేదు.

చెరువు మైదానంలో పగలు ఎవరు ఉంటారో చూడండి. పని దొరకనివారు. తల్లిదండ్రులు కోపంతో చూసే దృశ్యం ఇది. అప్పులోళ్ళు ఇంటికి వచ్చి కూర్చున్న వేళ కొడుకు బ్యాటు పట్టుకుని తిరగడం ఏ తండ్రికి నచ్చుతుంది? కానీ కుర్రవాడి వైపు నుంచి ఆలోచిస్తే, రోజంతా రచ్చకట్ట మీద కూర్చుని పెద్దల నోట అప్పుల మాటలు వినడం కన్నా ఇది మేలు. ఐర్లండ్‌లో 2008 తర్వాత ఉద్యోగాలు పోయిన యువకులకు ఊరి క్లబ్బు చేసిన మేలు సరిగ్గా ఇదే: వారంలో రెండు సాయంత్రాలు నువ్వు ఫలానా చోట ఉండాలి, నీ కోసం 14 మంది ఎదురు చూస్తారు. తేడా ఒక్కటే. అక్కడ ఆ బాధ్యత తీసుకునే సంఘం ఉంది. ఇక్కడ పండగకు టోర్నమెంటు పెట్టి కప్పు ఇచ్చే నాయకుడు ఉంటాడు, పండగ అయ్యాక కనబడడు.

6. వలస, జట్టు

వేరుశనగ పీకడం అయిపోయాక, లేదా పీకడానికి ఏమీ లేకపోయాక, జనం వెళ్ళిపోతారు. వజ్రకరూరు నుంచి గుంతకల్లు జంక్షను దగ్గరే. అక్కడి నుంచి రైలు. బెంగళూరు కట్టడాల పనులకు ఎక్కువ, కేరళ దాకా పోయినవారూ ఉన్నారు. తండాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వెళతాయి. ఇంటికి తాళం, వాకిట్లో ముసలివాళ్ళు, వారి దగ్గర బడికి పోయే పిల్లలు.

ఐరిష్ వలసకు, దీనికి తేడా గమనించాలి. 1950లలో లండన్ పోయినవాడు చాలావరకు అక్కడే ఉండిపోయాడు. అందువల్ల అక్కడ క్లబ్బు పెట్టుకోగలిగాడు. బెంగళూరు పోయిన మన కూలీ ఆరు నెలలకు తిరిగి వస్తాడు, మళ్ళీ పోతాడు. పని జరిగే చోటే రేకుల గుడిసెలో ఉంటాడు, ఆ కట్టడం పూర్తయితే మరో చోటికి. అతనికి ఊళ్ళోనూ జట్టు నిలవదు, నగరంలోనూ జట్టు ఏర్పడదు. పరుషలు జరిగే నెలలు, వలస నెలలు ఒకటే కావడం మరో దెబ్బ. పంట పండిన ఏడు పరుష నాటికి ఊరు నిండుగా ఉంటుంది. పండని ఏడు దేవర చేసుకోవడానికి రెండు రోజులు వచ్చి మూడో రోజు బస్సెక్కుతారు. దూరవిద్య తరగతుల్లో నేను కూడా దీన్ని చూశాను. ఈ మండలాల నుంచి చేరిన విద్యార్థులు జనవరి తర్వాత ఆదివారపు సంపర్క తరగతులకు రావడం తగ్గేది. హాజరు పట్టీలోని ఖాళీలు చాలాసార్లు వర్షపాతం పట్టికతో సరిపోయేవి.

2006 ఫిబ్రవరి 2న నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ఈ జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలోనే ప్రారంభించారు. జనం ఆ పనిని నేటికీ 'కరువు పని' అంటారు. ధాత కరువు నాటి రాళ్ళు కొట్టే పని నుంచి ఆ మాట ఎంత దూరం ప్రయాణించిందో చూడండి. ఏడాదికి 100 రోజుల హామీ వలసను ఆపలేదు గానీ, ఎండాకాలంలో కొందరినైనా ఊళ్ళో నిలబెట్టింది. 2012లో హంద్రీ-నీవా ద్వారా కృష్ణా జలాలు జీడిపల్లి జలాశయానికి చేరాయి. కాలువ దగ్గరి పొలాలకు, చెరువులకు అది ఊరట. చెరువు నిండిన చోట క్రికెట్ ఆడే పిల్లలు వేరే చోటు వెతుక్కోవలసి వచ్చింది. ఇంతకన్నా సంతోషంగా వదులుకోదగిన మైదానం మరొకటి ఉండదు.

7. సంస్థ తెచ్చిన మైదానం

1969లో స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును ప్రారంభించాడు. జనం దాన్ని ఆర్డీటీ అంటారు. బావులు, ఇళ్ళు, బడులు, ఆసుపత్రుల తర్వాత ఆ సంస్థ ఆటల వైపు వచ్చింది. అనంతపురంలో స్పోర్ట్స్ విలేజ్ పేరుతో క్రికెట్, ఫుట్‌బాల్, హాకీ వంటి ఆటలకు మైదానాలు, శిక్షణ, వసతి ఏర్పాటు చేసింది. 2010లో టెన్నిస్ క్రీడాకారుడు రఫాయెల్ నాదల్ పేరిట టెన్నిస్ పాఠశాల మొదలైంది. పల్లె పిల్లలకు టెన్నిస్‌తో పాటు ఇంగ్లీషు, కంప్యూటరు నేర్పడం, పౌష్టికాహారం పెట్టడం అందులో భాగం. ఫెర్రర్ 2009లో మరణించాడు. సంస్థ కొనసాగింది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు ఆర్డీటీ మైదానంలోనే జరిగాయి.

దీన్ని పొగడటం సులభం. చరిత్ర విద్యార్థిగా మీరు అడగవలసింది వేరు: ఇక్కడ ఆటకు కావలసిన ఆస్తి ఎవరిది? ఎద్దులు రైతువి, చెరువు ఊరిది, ఈ మైదానం సంస్థది. దాని వెనుక స్పెయిన్‌లోని దాతల విరాళాలు ఉన్నాయి. ఐర్లండ్‌లో 1884 తర్వాత ఊళ్ళు తమ మైదానాలను తామే చందాలతో, చాకిరీతో కట్టుకున్నాయి. దాత ఎంత మంచివాడైనా దాతే. అతని పరిస్థితి మారితే మైదానం పరిస్థితి మారుతుంది. ఈ బలహీనతను దాచి చెప్పడం ఆ సంస్థకు కూడా మేలు చేయదు.

అయితే మరో వైపు కూడా చూడాలి. పరుషలోని పోటీలన్నీ మగవారివి. బండలాగుడు భూమి ఉన్నవారిది. చెరువులో క్రికెట్ కూడా మగపిల్లలదే, అదీ ఏ పేట పిల్లలు ఏ పేట వారితో కలిసి ఆడతారన్న లెక్కలతో. ఆర్డీటీ ప్రధానంగా పనిచేసింది దళిత, గిరిజన, వెనుకబడిన కుటుంబాలతో. కాబట్టి దాని మైదానానికి మొదట వచ్చినవారు ఊరి మైదానంలో చోటు లేనివారు. ఆడపిల్లలు సాయంకాలం బడి అయ్యాక బూట్లు వేసుకుని పరుగెత్తడం ఈ సీమలో కొత్త. 2023 జూలైలో బంగ్లాదేశ్ మీద జరిగిన టీ20 మ్యాచ్‌తో భారత మహిళల జట్టులోకి వచ్చిన ఎడమచేతి స్పిన్నర్ బారెడ్డి అనూష ఈ శిక్షణలో ఎదిగిన అమ్మాయే. ఆమెది నార్పల మండలం. దేశంలో మొదటి 'కరువు పని' మొదలైన మండలం నుంచే భారత జట్టుకు ఒక క్రీడాకారిణి వెళ్ళింది.

ఒకరిద్దరు పైకి వచ్చారని అందరూ వస్తారని చెప్పలేం. శిక్షణకు వచ్చిన చాలామంది పిల్లలు ఇంటర్మీడియట్ తర్వాత ఆట మానేసి నర్సింగు, పోలీసు నియామకం, లేదా పెళ్ళి వైపు పోతారు. అందులో తప్పేమీ లేదు, హర్లింగ్ ఆడినవారు కూడా రైతులుగా, ఉపాధ్యాయులుగానే జీవించారు. కానీ అక్కడ 30 ఏళ్ళ రైతు ఆదివారం తన ఊరి జట్టుకు ఆడుతూనే ఉంటాడు. ఇక్కడ హాస్టల్లో ఆరేళ్ళు హాకీ ఆడిన అమ్మాయి వజ్రకరూరు వంటి మండలంలోని తన ఊరికి తిరిగి వచ్చినప్పుడు, ఆమెతో ఆడటానికి మరో పది మంది ఆడవాళ్ళు కావాలి. వేసవి సెలవుల్లో ఒకరో ఇద్దరో దొరుకుతారు. పెళ్ళయ్యాక ఆ హాకీ కర్ర అటక మీద ఉంటుంది, లేదా తమ్ముడు దాన్ని చెరువులో వికెట్టుగా పాతుకుంటాడు.